ఎదుటి జట్టు వీధిలో కాపురం

ఆ ఊళ్ళో వాళ్ళింటి మీద రాళ్ళు పడింది ఒక్కసారే. పొయ్యి మీద పాలు పెట్టి, ఏదో పగిలిన శబ్దానికి ఆమె ఇవతలికి వచ్చేసరికి, ముందుగది కిటికీ అద్దం ముక్కలై నేలంతా పరుచుకుని ఉంది. అత్తగారు మనవరాలిని చంకలో ఇరికించుకుని స్నానాల గదిలోకి పరుగెత్తుతోంది. గేటు అవతల నలభై యాభై మంది. వాళ్ళలో పాలబూతువాడున్నాడు. పాప బడిలో డ్రిల్లు మాస్టారున్నాడు.

ఆమె భర్త ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. ఆ రోజు వానలో ఆడిన ఆఖరి ఆటలో, చేతుల్లోకి వచ్చిన బంతి తడి గ్లవుల్లోంచి జారి, కాళ్ళ మధ్యగా దొర్లుకుంటూ గోల్లోకి పోయింది. దాంతో జట్టు కింది లీగుకి పడిపోయింది. అంతకుముందు రెండేళ్ళూ అతన్ని భుజాల మీద ఊరేగించిన జనమే గేటు మీద ఎర్రరంగుతో "మీ దేశం పొండి" అని రాసి పోయారు. గెలిస్తే మా అల్లుడు, ఓడితే ఎవడో అనామకుడు అని అత్తగారు ఆ రంగుని గోకుతూ గొణుక్కుంది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయింది.

ఆ తర్వాత ఎవరూ వాళ్ళ జోలికి రాలేదు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు, వీళ్ళు కొత్త అద్దం వేయించుకున్నారు. కానీ ఆమెలో మాత్రం ఏదో కుదురు తప్పింది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు బయటికి దారి ఎటుందో చూసుకునేది. పట్టపగలు తెరలు వేసి ఉంచేది. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసింది, ఎందుకంటే వార్డులో ఎవరు నవ్వినా తన గురించే అనిపించేది. నవ్వేదేదో, బెదిరించేదేదో విడదీసుకునే తెలివి తనలో చచ్చిపోయిందని ఆమెకే తెలుస్తోంది. తాడుని చూసి పామనుకోవడం కాదు అది. పాము నిజంగా ఒకసారి కరిచింది కాబట్టి ఇంక తాడుని కూడా నమ్మలేకపోవడం.

అలాంటప్పుడు ఒక పెద్ద నగరం నుంచి కబురొచ్చింది. అక్కడి క్లబ్బుకి గోల్‌కీపర్ కావాలి. అతను మాటకారి కాదు. ఇంట్లో కూడా అందరూ అతన్ని కీపర్ అనే అంటారు, కోపమొస్తే తల్లి కూడా. భోజనాల దగ్గర పళ్ళెంలోకి చూస్తూ, నువ్వొచ్చి ఆ ఊరు చూడు, నువ్వు వద్దంటే ఆటే మానేస్తాను అన్నాడు. ఆ మాట ఆమెకి ధైర్యం ఇవ్వాల్సింది. ఇంకో బరువు నెత్తిన పెట్టింది.

నలుగురూ వెళ్ళారు. విమానాశ్రయంలో క్లబ్బు తరఫున ఒక మేడమ్ వచ్చింది. కొత్తగా వచ్చే ఆటగాళ్ళ కుటుంబాలకి ఊరు చూపించి, ఇల్లూ బడీ కుదిర్చిపెట్టడం ఆవిడ పని. కీపర్ని వైద్యపరీక్షలకి పంపించి ఆడవాళ్ళని కారులో తిప్పింది. ముందుగా ఆటగాళ్ళందరూ ఉండే కాలనీ చూపించింది. ఎత్తయిన ప్రహరీ, పైన ముళ్ళతీగ, గేటు దగ్గర కాపలావాళ్ళు, మూలమూలకీ కెమెరాలు. పచ్చికా పూలకుండీలూ బాగానే ఉన్నాయి. వీధిలో ఒక్క మనిషి లేడు. అత్తగారు ఇల్లు బ్రహ్మాండంగా ఉందంది. కోడలి చూపు మాత్రం ఆ గోడ మీదే ఆగిపోయింది. ఇంత గోడ కట్టారంటే దాని అవతల ఇంకెంత ఉందో.

మేడమ్ మాటల సందర్భంలో ఒక సంగతి చెప్పింది. ఆటగాళ్ళు మైదానంలో గడ్డి గురించి ఒకటి రెండు ప్రశ్నలు అడిగి ఊరుకుంటారట. వాళ్ళ ఇంట్లోవాళ్ళ ప్రశ్నలే వేరట. మా ఆయన ఉంగరాల జుట్టు పాడుచెయ్యకుండా కత్తిరించేవాడున్నాడా, మా దేవుడికి ఇక్కడ చోటుందా, మా భాషలో జబ్బు చెప్పుకుంటే అర్థమయ్యే డాక్టరున్నాడా, మా పిల్లని బడిలో వింతగా చూడరు కదా అని. ఈ ఊళ్ళో అన్ని దేశాల వాళ్ళూ ఉన్నారు, అన్నీ దొరుకుతాయి, అందుకే మాకంటే పెద్ద క్లబ్బుల్ని కాదనుకుని మా దగ్గరికి వస్తారు అని గర్వంగా అంది.

"మరి అవన్నీ ఎక్కడున్నాయి?" అని అడిగింది ఆమె. "పొద్దున్నుంచీ తిరుగుతున్నాం, ఒక్కటీ కనపడలేదు."

మేడమ్ కాస్త తడబడింది. అవన్నీ రేవు దగ్గర పేటలో ఉంటాయని, అక్కడ తమ ఆటగాళ్ళెవరూ ఉండరని చెప్పింది. నగరంలో రెండు క్లబ్బులు. ఈ రెండూ ఉప్పూ నిప్పూ. ఆ పేట మొత్తం రెండోదానిది. అక్కడ పుట్టిన పిల్లలకి ముందు ఆకుపచ్చ చొక్కా తొడిగి తర్వాత పేరు పెడతారని జనం అనుకుంటారట. ఏదైనా కావాలంటే మనిషిని పంపి తెప్పిస్తాను, మీరు మాత్రం అటు వెళ్ళకండి అంది.

మర్నాడు పొద్దున అత్తగారు హోటల్లో తన కళ్ళజోడు మీదే కూర్చుంది. అది లేకపోతే ఆవిడకి మనుషులు పొగమంచులా కనిపిస్తారు. క్లబ్బువాళ్ళు పంపిన దుకాణంలో ఆవిడ చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదు, వాళ్ళు చెప్పింది ఆవిడకి అర్థం కాలేదు. హోటల్లో గదులు తుడిచే మనిషి, రేవుపేటలో మీ భాష మాట్లాడే కళ్ళజోళ్ళాయన ఉన్నాడని సైగలతో చెప్పింది. ఇంకేముంది, అత్తగారు చెప్పులేసుకుంది. ఆవిడని ఒంటరిగా పంపడానికి భయం, వెంట వెళ్ళడానికి ఇంకా భయం. చివరికి పాప చెయ్యి పట్టుకుని ఆమె కూడా ట్రామెక్కింది.

పేటలో దిగగానే ఆమె పాప చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. సన్నటి వీధి. ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్న మేడలు. నాలుగైదు లిపుల్లో బోర్డులు, ఎదురెదురుగా రెండు వేరువేరు మతాల ప్రార్థనాలయాలు, సెలూను, కుట్టుమిషన్ల చప్పుడు, లాండ్రీ లోంచి వేడి ఆవిరి. ప్రతి బాల్కనీకీ ఆకుపచ్చ జెండా. కానీ ఒక చిత్రం జరిగింది. ట్రామ్ దిగి షాపుదాకా నడిచినంతసేపూ వాళ్ళ వైపు ఎవరూ తల తిప్పి చూడలేదు. వాళ్ళలాంటి రంగు, వాళ్ళకంటే నల్లనిది, వాళ్ళకంటే తెల్లనిది, అన్నీ అక్కడ కూరగాయల బేరంలో ఉన్నాయి.

కళ్ళజోళ్ళాయనది వాళ్ళ దేశమే, సరిహద్దు జిల్లా. యాస వేరైనా మాట ఒకటే. అత్తగారు తన కళ్ళ కథతో మొదలుపెట్టి మోకాళ్ళ కథలోకి దిగింది. గోడ మీద టీవీలో ఆటల వార్తలు వస్తున్నాయి. ఉన్నట్టుండి తెర మీద హోటల్ వసారా కనిపించింది. కీపర్, వెనక ఆమె, పాప, పసుపుపచ్చ శాలువాలో అత్తగారు. అదే శాలువా ఇప్పుడు ఆవిడ భుజాల మీద ఉంది.

బల్ల మీద కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు టీవీ వైపు చూసి, శాలువా వైపు చూశారు. ఒకడు లేచి బయటికి వెళ్ళాడు.  షాపుకి వెనక దారి లేదు. లోపలికి రాగానే ఆమె చూసుకుంది. పాపని తన కొంగు వెనక్కి లాక్కుంది. వెళ్ళినవాడు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పక్కనే మాంసం కొట్టు అతనిది. తలుపంత వెడల్పు మనిషి, ముందు కట్టుకున్న గుడ్డ మీద నెత్తుటి మరకలు. అతను ఆమె ఎదురుగా నిలబడి ఆ ఊరి భాషలో పెద్దగొంతుతో ఏదో అన్నాడు. వెనకవాళ్ళు నవ్వారు.

కళ్ళజోళ్ళాయన నసుగుతూ తర్జుమా చేశాడు. "మీ ఆయనకి చెప్పమంటున్నాడమ్మా. రెండు క్లబ్బుల ఆట రోజున నాలుగు గోల్సు కొట్టి పంపిస్తారట."

ఆమెకి అది పరాచికమో, ముందస్తు హెచ్చరికో తెలియలేదు. ఆ ముఖంలో వెతికింది. ఏమీ దొరకలేదు. అప్పుడు అత్తగారు, ముందున్నది ఎవరో కూడా సరిగ్గా కనపడక, కళ్ళు చికిలించి అంది: "మావాడికి బంతి బాగానే కనిపిస్తుంది నాయనా. నీకే కళ్ళు తేడాగా ఉన్నట్టున్నాయి. పనిలో పని నువ్వూ ఒక జోడు చేయించుకో."

కళ్ళజోళ్ళాయన దాన్ని తర్జుమా చెయ్యడానికి జంకాడు. మాంసం కొట్టతను గద్దించేసరికి చెప్పాడు.  ఆమె పాప చెవులు మూసింది. తర్వాత అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. షాపులోంచి బయటికి రాగానే ఎక్కణ్ణుంచో ఒక గాజుసీసా వచ్చి వాళ్ళ కాళ్ళకి జానెడు దూరంలో పగిలింది. పాప కెవ్వుమంది. ఆమె పాప మీద వంగిపోయి, అలాగే బిగుసుకుపోయింది. తర్వాతి రాయి కోసం వీపుతో ఎదురుచూసింది. రాయి రాలేదు. లాండ్రీ నడిపే ఆవిడ బయటికొచ్చింది. పొట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎదురు మేడ మెట్ల మీదున్న ఒక మీసాల మనిషిని చొక్కా పట్టుకుని కిందికి లాక్కొచ్చి, వాళ్ళ ముందు నిలబెట్టింది. మీ అమ్మకి ఫోన్ చెయ్యనా అని అడుగుతోందని కళ్ళజోళ్ళాయన చెప్పాడు. అతను నేల చూపులు చూస్తూ క్షమాపణ అడిగి, గాజుపెంకులు తనే ఊడ్చాడు.

ముగ్గురూ ట్రాములో తిరిగొచ్చారు. హోటల్‌కి రాగానే ఆమె కక్కుకుంది. కీపర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. జరిగింది తల్లి నోట విని, సామాన్లు సర్దండి, వెళ్ళిపోదాం అన్నాడు.

"సంతకం పెట్టండి," అంది ఆమె, ముఖం తుడుచుకుంటూ. "కానీ ఆ కాలనీలో వద్దు. ఆ పేటలో ఇల్లు చూడండి."

అతనికి మతిపోయింది. సీసా విసిరిన చోటే కదా అన్నాడు.

"అక్కడ మన ఇంటి మీద రాళ్ళేస్తుంటే ఎంతమంది చూశారు? తెరలు జరిపి మరీ చూశారు. ఒక్కరు బయటికి రాలేదు. ఇక్కడ ఒకావిడ వచ్చింది. నాకు గోడ వద్దండీ. బయటికొచ్చే మనిషి కావాలి."

క్లబ్బువాళ్ళు గోల చేశారు. మేడమ్ దండం పెట్టినంత పని చేసింది. ఊళ్ళో ఉన్న ఇన్ని రకాల జనాన్నీ చూపించి మమ్మల్ని పిలిచారు, ఇప్పుడు ఆ జనం మధ్య ఉంటామంటే వద్దంటారేం అని అత్తగారు ఆవిడని నిలదీసింది. లాండ్రీ ఆవిడ మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అందులో దిగారు.

దిగినంత మాత్రాన భయం పోలేదు. ఆమె దాన్ని కూడా సామాన్లతో పాటు మోసుకొచ్చింది. పాప చేరిన బడిలో ఒక్కో బెంచీకి ఒక్కో భాష. నెల తిరక్కుండా నాలుగు భాషల్లో తిట్లు నేర్చుకొచ్చింది. ఆసుపత్రిలో తమ భాష తెలిసిన నర్సు లేక ముసలివాళ్ళు ఇబ్బంది పడుతున్నారని తెలిసి ఆమె మళ్ళీ ఉద్యోగంలో చేరింది. కీపర్ జట్టులో వేగంగా పరుగెత్తే ఒక దూరదేశపువాడు, తన జుట్టు కత్తిరించడం తెలిసిన సెలూను ఈ వీధిలోనే ఉందని, టోపీ ముక్కుదాకా లాక్కుని దొంగలా వచ్చి పోయేవాడు. మీకు పిచ్చి అని ప్రతిసారీ చెప్పేవాడు. అతను అలా అన్నప్పుడల్లా ఆమెకి నిజమే అనిపించేది. ఎందుకంటే ఆమె పనికి వెళ్ళేటప్పుడు మాంసం కొట్టతను రోజూ గుమ్మంలో నిలబడి, కత్తి ఉన్న చేతిని కిందికి దించి, రెండో చేతి వేళ్ళు నాలుగు చూపించేవాడు. నవ్వుతూనే. ఆ నవ్వు ఆమెకి ఏ రోజూ బోధపడలేదు.

రెండు క్లబ్బుల ఆట దగ్గరపడింది. ఆ ఒక్కరోజుకి హోటల్‌కి పోదామని ఆమె బతిమాలింది. అత్తగారు ససేమిరా అంది. ఇవాళ పారిపోతే రేపు ఏ మొహం పెట్టుకుని మెట్లెక్కుతాం అంది. ఆట సాయంత్రం మొదలైంది. ఆమె టీవీ పెట్టనివ్వలేదు. కిటికీ తెర పక్కన కూర్చుని వీధి చప్పుళ్ళని బట్టి ఆట వింది. ఒకసారి వీధి మూలిగింది. కీపర్ జట్టు గోల్ కొట్టింది. ఇంకోసారి వీధి పగిలిపోయినట్టు అరిచింది. అతని చేతుల్లోంచి ఒకటి పోయింది. చెరొకటి. ఆ అరుపుకి ఆమె కొంత ఊపిరి పీల్చుకుంది కూడా. మొగుడు ఓడిపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి మొక్కుకుంది. వీళ్ళు గెలిస్తే మమ్మల్ని వదిలేస్తారు.

చివర్లో వీధంతా ఒక్కసారి లేచినట్టు చప్పుడైంది. పెనాల్టీ, పెనాల్టీ అని పాప అరుస్తూ వచ్చింది, ఆ మాట అన్ని భాషల్లోనూ ఒకటే కాబట్టి. తర్వాత గుసగుసలు. ఆ తర్వాత ఏమీ లేదు. అరుపు లేదు, తిట్టు లేదు, కుర్చీ జరిపిన చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంలో ఆమెకి అర్థమైంది. ఆపేశాడు.

రాళ్ళు పడ్డ రోజు కంటే ఎక్కువ భయమేసింది. ఆ రోజు అరిచారు, ఎంతమందో ఎక్కడున్నారో తెలిసింది. ఇప్పుడు తెర సందులోంచి చూస్తే మనుషులు ఇళ్ళలోంచి ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద, అరుగుల మీద కూర్చుంటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె బీరువాని తలుపుకి అడ్డంగా లాగింది. అది చెక్క బీరువా, నిండా బట్టలున్నాయి. ఎలా లాగిందో ఆమెకే తెలీదు. అతనికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇటు రావద్దని ఎలా చెప్పడం?

చీకటి పడుతుండగా అతను వీధి మొదట్లో కనిపించాడు. ఆట రోజున కార్లు రానివ్వరు కాబట్టి నడిచే వస్తున్నాడు. భుజాన సంచీ. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి, ఎప్పటిలాగే తల కొంచెం వంచుకుని. సెలూను దాటాడు. కళ్ళజోళ్ళ షాపు దాటాడు. అప్పుడు మాంసం కొట్టతను లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

బీరువాని ఆమె మళ్ళీ లాగింది. చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. వెనక అత్తగారు ఏదో అంటోంది, వినపడలేదు. కొడితే ముందు నన్ను కొట్టనీ అనుకుంటూ పరుగెత్తి భర్త పక్కన నిలబడి అతని మోచెయ్యి పట్టుకుంది. ఈపాటికి ఆ ఊరి భాష ఆమెకి కొంత వచ్చు. మాంసం కొట్టతని గొంతు బొంగురుగా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడతను. "మావాడు బంతి తన్నకముందే నువ్వు గోల్ గీత దాటావా, లేదా?"

తన్నకముందే దాటితే ఆ ఆపడం చెల్లదు, మళ్ళీ తన్ననివ్వాలి. వీధంతా వింటోంది. లేదని చెప్పు, లేదని చెప్పు అని ఆమె లోపల మొరపెట్టుకుంది. గోళ్ళు అతని చేతిలోకి దిగాయి.

కీపర్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "దాటాను," అన్నాడు. "అడుగంత."

ఆమె కళ్ళు మూసుకుంది.

"విన్నారా?" మాంసం కొట్టతను వీధి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "నేను చెబితే నా కళ్ళకి పొరలన్నారు కదరా. ఇప్పుడు వినండి, వాడి నోటితోనే వినండి."

అంతే, వీధి రేగిన తేనెపట్టయింది. అడుగు కాదు, బెత్తెడే అని సెలూనాయన లేచాడు. ముందు కదిలినా తప్పులేదని ఒకడు, రిఫరీ అమ్ముడుపోయాడని ఇంకొకడు. ఎవరో సుద్దముక్కతో నేల మీద గీత గీశారు. కీపర్ని సంచీ దింపమని, నిలబడి చూపించమని పట్టుబట్టారు. అతను బూట్లు విప్పి గీత మీద నిలబడి, ఏ కాలు ముందు కదిలిందో చూపించాడు. కాదు కాదు, ఎడమకాలే అని మీసాల మనిషి అతని పిక్క పట్టుకుని జరిపాడు. బూతులు ఆకాశాన్నంటుతున్నాయి. ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు.

ఆమె లాండ్రీ మెట్టు మీద కూలబడింది. అంతా అయిపోయిందని బుర్రకి తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు.  లాండ్రీ ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది.

"అది దేనికి?" అని అడిగింది ఆమె.

"వాడు లేచినప్పుడు నాకూ భయమేసింది," అందావిడ. "తలుపు వెనక పట్టుకుని నిలబడ్డాను." అని ఇస్త్రీపెట్టెని పక్కన పెట్టి, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. 

పైనుంచి అత్తగారు, సగం గదిలోకి అడ్డంగా వచ్చిన బీరువా వల్ల తను వంటింట్లోకి పోలేకపోతున్నానని, ఎవరైనా వచ్చి జరపమని కేకేసింది. దాన్ని తిరిగి చోటులో పెట్టడానికి తర్వాత ఇద్దరు మగవాళ్ళు పట్టాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకడు మాంసం కొట్టతను. పట్టినంతసేపూ గీత గురించే మాట్లాడాడు.

వాళ్ళు ఆ వీధిలో ఏడేళ్ళున్నారు. కీపర్ ఆ క్లబ్బుకే ఆడాడు, కొన్ని గెలిచాడు, కొన్ని వదిలాడు. భయం ఆమెని పూర్తిగా వదల్లేదు. ఆట ఉన్న సాయంత్రాల్లో మాత్రం ఇంక తెర వెనక కూర్చోవడం మానేసింది. కిందికి దిగి లాండ్రీలో, ఆవిరి మధ్య, ఆవిడతో పాటు దుప్పట్లు మడతపెట్టేది.